నిండుకుంది

రేవు వీధి, ఇంటి నుంచి

తమ్ముడూ,

అందరూ ఉత్తరం మొదట్లో ఇక్కడ క్షేమం అని రాస్తారు. ఆ మాట రాయడానికి నా కలం సాగడం లేదు, అందుకని వదిలేసి విషయానికి వస్తున్నాను. చిన్నది నీ దగ్గర ఉందా?

నాతో మాత్రం ఊరి బయట అచ్చాఫీసులో కాగితాలు మడిచే పని దొరికింది, అక్కడే ఉండాలి అని చెప్పి సంచి సర్దుకుని వెళ్లింది. నిన్న కింది వాటాలో కుట్టుపనావిడ జాకెట్టు ఇవ్వడానికి వచ్చి, "మీ అమ్మాయిది ఏం గుండె అండీ, అన్న చేసిన పనిలోకే వెళ్లింది" అంది. నేను నవ్వాను. కన్నతల్లికే తెలియదని ఆవిడకి తెలియకూడదు కదా. ఆవిడ మెట్లు దిగగానే కాగితం, కలం వెతుక్కున్నాను.

ఒరేయ్, నాకు ఇద్దరు పిల్లలు. ఇద్దరని రాశాను చూడు, చెయ్యి ఇంకా అలాగే తిరుగుతోంది. పెద్దాణ్ణి నీ చేతుల్లో పెట్టాను. మామయ్య దగ్గర పని నేర్చుకుంటాడు, నది మధ్యలో పంటు మీద నిలబడి ఊరంతటికీ ఆకాశంలో పూలు చూపిస్తాడు అని మురిసిపోయాను. ఏటా బాణసంచా పండగ రోజు ఒడ్డున ఆ తొక్కిసలాటలో నిలబడి, ఒక్కో గుండూ పైకి లేచినప్పుడల్లా "మావాడే, మావాడే" అని పక్కవాళ్లని పొడిచి మరీ చెప్పేదాన్ని. పోయిన ఏడు అంతా ముగిసి జనం చప్పట్లు కొడుతుంటే చివర్న ఒక్కటే మోత వినిపించింది. అదీ వేడుకలో భాగమే అనుకుని అందరూ ఇంకా గట్టిగా కొట్టారు. నేనూ కొట్టాను తమ్ముడూ.

ఆ చేతులతోనే రాస్తున్నాను. చిన్నదాన్ని ఇంటికి పంపించెయ్.

ఇక్కడ సంగతులంటావా, వంటింట్లో ఫ్యాను ఆగిపోతే పొడుగాయన వచ్చి బాగుచేశాడు. అదే, నీ పంటు మీద వైర్లు కలిపే అతను. నేను కబురు పెట్టలేదు, ఎవరు చెప్పారో, తనే వచ్చాడు. మంచినీళ్లిస్తే గ్లాసు ముట్టుకోలేదు. అంత పొడుగు మనిషి మెట్లు దిగుతుంటే వంగిపోయి పొట్టిగా కనిపించాడు.

నీ షెడ్డులోకి ఫోను రానివ్వరు కాబట్టి సరుకులు తెచ్చే వ్యాను డ్రైవరుకి ఈ ఉత్తరం ఇస్తున్నాను. జవాబు కూడా అతని చేతికే ఇవ్వు.

అక్క


నది ఎగువ, బాణసంచా మందుల షెడ్డు

అక్కా,

చిన్నది ఇక్కడే ఉంది. నువ్వు పంపితేనే వచ్చిందనుకున్నాను, నీతో అబద్ధం చెప్పిందని నీ ఉత్తరం చూసేదాకా తెలీదు. కంగారు పడకు. దాని పనల్లా గుండ్లకి కాగితం అంటించడం, ఎండలో పెట్టడం, చినుకు పడితే లోపలికి తేవడం. మందు కలిపే గది వైపు అడుగు వెయ్యనివ్వను. ఇక పంటు మాట అంటావా, ఆ మాటే లేదు.

ఈసారి వానలు ముందే వచ్చాయి. నది నిండుగా ఉంది. కాగితం ఓ పట్టాన ఆరడం లేదు, జిగురు బూజు పడుతోంది. షెడ్డు కప్పు ఒక మూల కారుతుంటే రేకు వేయించాను. మబ్బు ఇంకా అలాగే ఉంది. గుండ్లు పేల్చే గొట్టాలన్నీ కొత్తవి తెప్పించాను, పాతది ఒక్కటి కూడా ఉంచలేదు.

పొడుగాయన ఇప్పుడు నా దగ్గర లేడు. పని మానేశాడు.

మోకాలికి నూనె రాసుకుంటున్నావా?

తమ్ముడు


రేవు వీధి

తమ్ముడూ,

మోకాలు బాగానే ఉంది. నీ ఉత్తరమే కుంటుతోంది.

చిన్నప్పుడు అమ్మ గాజుసీసా పగలగొట్టి, ముక్కలు వెనక దాచుకుని, "అక్కా, మబ్బు పట్టింది చూడు" అన్నవాడివి నువ్వు. నువ్వు వాన గురించి మొదలుపెట్టావంటే వెనకాల ఏదో పగిలిందని నాకు తెలుసు. ఈసారి ఉత్తరంలో సగం వానే కురిసింది.

సెలవని చిన్నది ఇంటికి వచ్చింది. అన్నం తిని కుర్చీలో కూర్చుంది. కుర్చీ చెయ్యి మీద దాని వేళ్లు ఒకదాని తర్వాత ఒకటి పడుతున్నాయి. పెదాలు కదులుతున్నాయి.

"ఏమిటే అది?"

"పాటమ్మా."

"పాట మధ్యలో ఊపిరి బిగపడతారటే?"

అది వేళ్లు పిడికిలి చేసింది. ఇంకాసేపు గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది, ఈసారి పంటు మీద గుండ్లు పేల్చే బోర్డు ముందు కూర్చుని మీటలు నొక్కేది అదేనట. మామయ్య ఒప్పుకున్నాడట. కాగితాలు అంటిస్తోందన్నావు కదురా! నీ నోటికి ఆ జిగురే కాస్త పూసుకోవాల్సింది.

నేను అరిచాను. గిన్నె కూడా విసిరాను, దాని మీద కాదులే. అది కదల్లేదు. "అన్నయ్య తొందరపడ్డాడు, అన్నయ్య తొందరపడ్డాడు అని ఊరంతా అంటుంటే నేను ఇంట్లో కూర్చుని చెవులు మూసుకోవాలా? ఆ పంటు మీదే, అదే పని, నిదానంగా చేసి చూపిస్తానమ్మా" అంది. ఆ "నిదానంగా" అన్నప్పుడు అచ్చం వాడి గొంతే.

పండగ కమిటీ వాళ్లు నాకు పంపిన కాగితంలో ఉన్నది కూడా ఆ ముక్కే. కుర్రవాడి తొందరపాటు. నేను చదువుకున్నదాన్ని కాదు, ఆ మాటని కూడబలుక్కుని చదివాను. ఎన్నిసార్లు చదివినా గొంతు దిగడం లేదు. మనవాడు తొందరపడటమా? వీధి చివరి దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి, వేసిన తాళాన్ని పట్టి లాగి చూసుకుని వెళ్లేవాడు. నేను లోపల ఉన్నా సరే, అలవాటుకొద్దీ తలుపు లాగేవాడు. "నన్ను కూడా తాళం వేసుకుని పోరా" అని తిట్టేదాన్ని. అలాంటివాడు పేలని గుండు మీదికి చూసుకోకుండా వంగుతాడా? ఎలా వంగాడో చెప్పు. పక్కనే ఉన్నావు కదా. ఏడాది నుంచీ అడుగుతున్నాను, నువ్వు తల దించుకోవడం తప్ప ఇంకోటి లేదు.

పొడుగాయన మళ్లీ వచ్చి పంపు దగ్గర లైటు పెట్టి వెళ్లాడు. ఏమీ తినలేదు. ఒకప్పుడు ఎంత కలుపుగోలుగా ఉండేవాడు! పెద్దాడు మొదటిసారి వెంటబెట్టుకొచ్చిన రోజు గుర్తుందా? డబ్బా తీసి చూసి, "బియ్యం నిండుకున్నాయి, అలా వెళ్లి వచ్చేటప్పుడు పట్రా నాయనా" అన్నాను. ఊరంతా తిరిగి చేతులూపుకుంటూ వచ్చాడు. "నిండుకున్నాయన్నారుగా అండీ, ఇంకెక్కడ పోస్తారు?" అన్నాడు. పెద్దాడు తాగుతున్న నీళ్లు ముక్కులోంచి వచ్చాయి. మా ఇంట్లో అయిపోయింది, ఖాళీ అనే మాటలు పలకం నాయనా, అలా అంటే నిజంగానే అలా అవుతుందని మా అమ్మ, అందుకే నిండుకుంది అంటాం అని చెప్పాను. "మా ఇంట్లో ఖాళీని ఖాళీ అనే అనేవాళ్లం. అందుకే కాబోలు ఎప్పుడూ అలాగే ఉండేది" అన్నాడు. అలా నవ్వించిన మనిషి ఇప్పుడు నా కళ్లలోకి చూడడు.

నువ్వూ చూడవు. మీ ఇద్దరికీ ఏమైందిరా?

అక్క


మందుల షెడ్డు

అక్కా,

అవును. బోర్డు చిన్నదానిదే. అది అడిగింది, నేను కాదనలేకపోయాను. బోర్డు ఇనప రేకుల వెనకాల ఉంటుంది, గొట్టాలకి దూరం. నా దగ్గర ఇన్నాళ్లు చేసినవాళ్లకంటే దాని చెయ్యి కుదురు. దానికి గీత పడకుండా చూసే పూచీ నాది.

నా పూచీ అంటే నీకు నమ్మకం ఎందుకుంటుందిలే.

పెద్దాడి సంగతి తవ్వకు. తెలుసుకుని ఏం చేస్తావు? కమిటీ వాళ్లు రాసింది ఏదో రాశారు. వాడు ఎలాంటివాడో మనకి తెలుసు, అది చాలదా?

ఆ పొడుగాయన్ని ఇంటికి రానివ్వకు. వస్తే తలుపు తియ్యకు. అతనితో ఏమీ మాట్లాడకు. పండగ రోజు రేవు దగ్గరికి కూడా రాకు, నా మాట విను.

తమ్ముడు


రేవు వీధి

తమ్ముడూ,

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నేను పెద్దాడి గురించి అడిగితే నువ్వు పొడుగాయనకి తలుపు తియ్యొద్దంటావేం?

ఇక ఆగుతానా? ఈసారి అతను గుమ్మం దగ్గర స్విచ్చి చూడ్డానికి రాగానే తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడ్డాను. "అన్నం తింటేగానీ కదలనివ్వను నాయనా. నన్ను దాటి వెళ్లాలంటే నన్ను తొయ్యాలి" అన్నాను. అతను నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. వడ్డించాను. తలెత్తకుండా తింటున్నాడు, గబగబా, శిక్ష పూర్తి చేస్తున్నవాడిలాగా. ఇంకాస్త కూర వేద్దామని గిన్నె వంచి, "అయ్యో, కూర నిండుకుందే" అన్నాను.

చేతిలో ముద్ద జారిపోయింది. ఎంగిలి చేత్తోనే లేచాడు.

"ఆ మాట అనకండమ్మా."

"ఏ మాట?"

"మీ కాళ్లు పట్టుకుంటాను. ఆ మాట నా ముందు అనకండి."

నన్ను తొయ్యలేదు. గోడ పక్కనుంచి ఎలా దూరాడో, వెళ్లిపోయాడు. పట్టకారు ఇక్కడే వదిలేశాడు. అది నా ఎదురుగా బల్ల మీద నోరు తెరుచుకుని ఉంది.

ఏ మాటరా తమ్ముడూ? కూర గిన్నె గురించి నేనన్న మాటకి అతనెందుకు అన్నం వదిలేసి లేచాడు?

చెప్పకపోతే చెప్పకు. పండగ రోజు నేనే రేవుకి వస్తాను. పంటు మీద బోర్డు ముందు నేనే కూర్చుంటాను. నన్ను ఎత్తి నీళ్లలో పడేస్తేగానీ నీ పండగ మొదలవదు. చిన్నదాన్ని ఆపలేకపోయాను గానీ ఒక పంటుని ఆపగలను. కాదని చూడు.

అక్క


మందుల షెడ్డు

అక్కా,

కూర్చుని చదువు. దగ్గర ఎవరైనా ఉంటే బాగుండేది.

పండగ ముగిశాక మాకింకో పని ఉంటుంది. గొట్టాల్లో గుండ్లన్నీ పేలాయో లేదో చూసుకోవాలి. ఒకడు టార్చి పట్టుకుని వరస వెంట నడుస్తూ ఏది ఎలా ఉందో అరిచి చెబుతాడు. రెండోవాడు అదే మాట తిరిగి పలికి, సరే అనిపించుకున్నాకే అడుగు ముందుకు వేసి వైర్లు తీస్తాడు. గొట్టంలో ఏమీ లేకపోతే మేం అనే మాట "నిండుకుంది". నేను అమ్మ కొడుకుని కదా, ఆ అలవాటు నాతోపాటే పంటెక్కింది. పాతవాళ్లందరికీ అదే అలవాటైంది. మా పంటు మీద ఖాళీ అని ఎవరూ అనరు.

ఆ రోజు టార్చి పొడుగాయన చేతిలో ఉంది. అతనికి అదే మొదటి పండగ. మూడో వరసలో చివరి గొట్టం దగ్గర ఆగాడు. గుండు లోపలే ఉండిపోయింది. చూశాడు. చూసి గట్టిగా అరిచాడు. అతనన్నది "నిండుగుంది" అని. నిండుగా ఉంది, రాకు అని. కంగారులో మనిషికి సొంత ఇంటి మాటే వస్తుంది.

పెద్దాడికి "నిండుకుంది" అని వినపడింది. వినేవాడికి కూడా సొంత ఇంటి మాటే వినపడుతుంది.

వాడు తొందరపడలేదక్కా. ఆగాడు. పద్ధతి ప్రకారం తిరిగి అడిగాడు, "నిండుకుందా?" అని. ఒడ్డున చప్పట్లు, మైకులో పాట, పడవల కూతలు. అతనికి "నిండుగుందా?" అని వినపడింది. "అవును, అవును!" అన్నాడు. ఇంటి తాళంలాగే ఆ మాటనీ పట్టి లాగి చూశాకే వాడు అడుగు వేశాడు. గొట్టం మీదికి వంగి వైరు తీస్తున్నాడు. లోపల వత్తి ఇంకా కాలుతూనే ఉంది.

నేను వాళ్లిద్దరికీ మధ్యలో ఉన్నాను. ఇద్దరి మాటా విన్నాను. నాకు రెండూ ఒక్కలాగే వినపడ్డాయి.

కమిటీ వాళ్లు తొందరపాటు అని రాసుకుంటే నోరు మెదపలేదు. అది కాదనాలంటే ఈ మాట చెప్పాలి. ఈ మాట చెబితే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో నీకు తెలిసిపోతుంది. మన వంటింట్లోంచి. వాడికి ఉగ్గుపాలతో నేర్పింది నువ్వు, నాకు నేర్పింది అమ్మ. మంచి జరగాలని నేర్పారు. ఇది విని నువ్వు బతుకుతావా అని భయపడ్డాను. అతను చెప్పేస్తానని ఏడుస్తుంటే నేనే ఒట్టు వేయించుకున్నాను. అప్పటినుంచీ అతను మీ ఇంటి వైర్లు పట్టుకుని తిరుగుతున్నాడు.

అయినా ఇప్పుడు చెప్పాను. ఇక నన్ను ఏమైనా అను.

తమ్ముడు


మందుల షెడ్డు

అక్కా,

వ్యాను రెండుసార్లు వచ్చింది. నీ ఉత్తరం లేదు. డ్రైవరుని అడిగితే "తలుపు తీశారండీ, ఇంకా రాయలేదన్నారు, మూసేశారు" అన్నాడు. తలుపు తీశావన్న మాట పట్టుకుని ఉన్నాను.

చిన్నదానికి కూడా చెప్పాను. జిగురు గిన్నె పక్కన పెట్టి లేచి, "అమ్మ వద్దంటే దిగిపోతాను మామయ్యా. అమ్మ చెప్పేదాకా బోర్డు ముట్టను" అంది. ముట్టడం లేదు కూడా. కుర్చీ చెయ్యి మీద సైతం వేళ్లు ఆడించడం మానేసింది.

పండగ దగ్గర పడింది. గుండ్లు పెట్టెల్లోకి ఎక్కించాం. వద్దని రాయి, దాన్ని వ్యానులో పంపేస్తాను. తిట్టు, పడతాను. ఏదో ఒకటి రాయి. ఖాళీ కాగితం మడిచి పంపినా సరే.

తమ్ముడు


రేవు వీధి

తమ్ముడూ,

ఖాళీ కాగితం అని రాశావు. ఆ మాటని నీ సొంత మాటగా నువ్వు రాయగా మొదటిసారి చూశాను.

నీ ఉత్తరం చదివాక లేచి వంట చెయ్యబోయాను. బియ్యం డబ్బా మూత తీస్తే అడుగున గుప్పెడు గింజలున్నాయి. మాట నోటిదాకా వచ్చింది. నోరు మూసుకున్నాను. అప్పటినుంచీ ఇంట్లో ఏ గిన్నెలో ఏముందో పైకి అనలేదు. ఏమని అనను? ఈ నోటితోనే కదా వాడికి ముద్దలు పెడుతూ ఆ మాట నేర్పింది. పొరపాటున అయిపోయిందమ్మా అన్నాడని ఓసారి గరిటెతో కొట్టాను కూడా. ఏడుస్తూ "నిండుకుందీ" అన్నాడు. ఆ ఏడుపు ఇప్పుడు వినపడుతోంది.

నిన్ను తిట్టాలనుకుని కూర్చున్నాను. అమ్మని తిట్టాలనుకున్నాను. ఆ పొడుగాయన్ని కూడా. ఎవరినీ తిట్టడానికి మాట దొరకలేదు. మన ఇంట్లో దేనికైనా మంచి మాటే అనాలాయె.

నాకు వచ్చింది అక్షరాలు గుణింతాలు, అంతే. నీళ్లలో వేలు ముంచి గచ్చు మీద రాసి చూశాను. క. పక్కన గ. ఆరిపోతుంటే మళ్లీ రాశాను. ఇంత తేడాలో నా కొడుకు పోయాడు. పోయాడు అని రాశాను చూడు. ఇన్నాళ్లూ వెళ్లాడు, దాటాడు, లేడు అనే అన్నాను గానీ ఈ మాట రాయలేదు.

అప్పుడు తోచింది. బళ్లో దిద్దించినప్పుడు క పక్కన గ రాదు కదరా. మధ్యలో ఖ ఉంటుంది. ఖ అంటే ఖాళీ. దాన్ని అమ్మ, నేను కలిసి ఇంట్లోంచి వెళ్లగొట్టాం. అది మధ్యలో తన చోట తను కూర్చుని ఉంటే క వచ్చి గ మీద పడేది కాదు.

ఇది ఎవరికి చెప్పుకోను? నీకే రాస్తున్నాను.

చిన్నదాన్ని బోర్డు ముందు కూర్చోబెట్టు. నేను వద్దనను. నాకు భయం లేదని కాదు, రాస్తుంటేనే అరచేతికి కాగితం అంటుకుపోతోంది. కానీ అది వాడి పేరు నిలబెడతానని వెళ్లింది. వాడు తొందరపడలేదని నాకిప్పుడు తెలిసింది, నీ పంటు మీద వాళ్లందరికీ తెలియాలి. పంటు కదిలేముందు అందర్నీ నిలబెట్టి, నాకు రాసినట్టే చెప్పు. ఒక్క ముక్క వదలకుండా.

ఇంకో మాట. ఇకమీదట నీ పంటు మీద ఎవరూ నిండు అనే మాట ఎత్తకూడదు. ఏమీ లేకపోతే ఖాళీ. ఉంటే ఉంది. ఈ రెండే. అపశకునం అని ఎవరైనా నసిగితే నా పేరు చెప్పు, శకునాలు పాటించి పాటించి ఏం మిగిలిందో వచ్చి నా ఇల్లు చూడమను. నువ్వు కూడా అద్దం ముందు నిలబడి ఖాళీ, ఖాళీ అని నోరు తిరిగేదాకా అను. నీకు కష్టమని తెలుసు. నేను ఇందాక అనబోతే నాలుక అంగిటికి అంటుకుపోయింది.

నేను ఒడ్డుకి వస్తాను. పంటు మీదికి రానులే.

అక్క


రేవు, పంటు మీద నుంచి

అక్కా,

ఒక్క నిమిషం దొరికింది. ఈ చీటీ టీకొట్టు అతను తెచ్చి ఇస్తాడు.

నువ్వు చెప్పినట్టే అందర్నీ నిలబెట్టి చెప్పాను. సగం నేను చెప్పాను, మిగతాది చిన్నది చెప్పింది. ఒకడు టోపీ తీశాడు. తర్వాత కొత్త పద్ధతి చెబితే మాత్రం గోల మొదలైంది. మా పంటు నడిపే ముసలాయన ఉన్నాడే, ఆయన తాడు పట్టుకుని బైఠాయించాడు. "నా పంటు మీద ఖాళీ అన్నారంటే నేను తాడు విప్పను" అన్నాడు.

చిన్నది ఆయన ఎదురుగా గొంతుక్కూచుంది.

"తాతా, నీ నోట్లో పళ్లు నిండుకున్నాయా, నిండుగున్నాయా?"

"ఏంటే?"

"నిండుకున్నాయా, నిండుగున్నాయా? ఏది విన్నావో చెప్పు."

ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. దాని మొహంలోకి చూశాడు. తర్వాత చిగుళ్లు బయటపెట్టి, "ఖాళీయేనే తల్లీ" అన్నాడు. లేచి తాడు విప్పాడు.

నీళ్లు ఎక్కువగా ఉన్నాయి, గాలి కాస్త అడ్డంగా ఉంది. ఇది నిజం కబురే, గాజుసీసా నాటి మబ్బు కాదు. చిన్నది బోర్డు ముందు కూర్చుంది. కదులుతున్నాం.

తమ్ముడు


రేవు వీధి

తమ్ముడూ,

పంటు కడిగి వచ్చేసరికి నీకు రేపవుతుందని తెలుసు, అయినా నిద్రకంటే ఉత్తరమే నయమనిపించింది.

నిన్న పట్టకారు ఇద్దామని పొడుగాయన గదికి వెళ్లాను. తలుపు తీసి నన్ను చూడగానే గోడకి అంటుకుపోయాడు. "తమ్ముడు చెప్పాడు నాయనా" అన్నాను. ఆ పొడుగంతా నా కాళ్ల దగ్గర మడతపడింది. ఓదార్చడానికి నాకేం వచ్చు? నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. కళ్లు తుడుచుకుని, "నేను నది వైపు వెళ్లనమ్మా" అన్నాడు. "నాకు రేవు మెట్లు దిగడానికి చెయ్యి కావాలి. మోకాలు" అన్నాను. చెయ్యిచ్చాడు.

ఆకాశంలో పూలు ఎలా పూశాయో నన్నడగకు. నేను పైకి చూడలేదు. నీళ్లలో ఎరుపు, పసుపు కదులుతుంటే పంటు నల్లగా కనిపించేది, దాన్నే చూశాను. ఒక్కో మోతకీ పొడుగాయన చెయ్యి బిగుసుకునేది. పక్కనెవరో పిల్లని భుజానెక్కించుకుని "అదిగో, అదిగో" అంటున్నాడు. మావాడే అని పొడిచి చెప్పుకున్న చోటు అదే.

ముగిసింది. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. చేతులు రెండూ అతని చేతిని పట్టుకుని ఉన్నాయి. జనం కదిలిపోతున్నారు, చెప్పులు వెతుక్కుంటున్నారు, పిల్లల్ని పిలుచుకుంటున్నారు. మా ఇద్దరికీ పండగ అప్పుడే మొదలైంది.

చేతిమైకులో చిన్నదాని గొంతు నీళ్ల మీదుగా వచ్చింది.

"ఒకటో వరస ఖాళీ!"

వెనకాలే నీ గొంతు. "ఖాళీ!"

"రెండో వరస ఖాళీ!"

"ఖాళీ!"

నీకు నోరు తిరిగిందే అనుకున్నాను. తర్వాత దాని అరుపు ఆగిపోయింది. నదంతా ఆగిపోయినట్టయింది.

"మూడో వరస, చివరిది. ఉంది."

"ఉంది!"

"ఉంది! ఎవరూ కదలొద్దు!"

అదే వరస, అదే చివరిది. దేవుడికి వేరే చోటు దొరకలేదా తమ్ముడూ? నేను కూర్చున్న మెట్టు మీంచి లేచాను. ఎక్కడికి వెళ్తానో తెలీదు, నీళ్లలోకే కాబోలు. అతను నా చెయ్యి వదల్లేదు. "కదలొద్దంటోందమ్మా" అన్నాడు. "మనల్ని కూడానమ్మా." కూర్చున్నాను.

ఎంతసేపని అడగకు. మందు తడిసేలా గొట్టంలో నీళ్లు పోస్తున్న చప్పుడు వినపడింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. తర్వాత ఏమీ లేదు. పంటు మీద మనుషులున్నారో లేదో అన్నంత నిశ్శబ్దం. మీరు తొందరపడలేదు. ఒక్కరు కూడా తొందరపడలేదు. మధ్యలో ఒక మోత వస్తుందని నా ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చున్నాను. రాలేదు.

"మూడో వరస ఖాళీ!"

"ఖాళీ!"

నువ్వు అన్నావు. పంటు మీద వాళ్లందరూ అన్నారు. ఆ ముసలాయన గొంతు కూడా గుర్తుపట్టాను. నా పక్కన పొడుగాయన, మైకు లేదు ఏం లేదు, ఒడ్డు మీద నిలబడి "ఖాళీ!" అని అరిచాడు. ఇంటికి పోతున్న జనం తిరిగి చూశారు, పిచ్చివాడనుకున్నారు. నేను కూడా అన్నాను. నాలుక అంటుకోలేదు. చిన్నది నాలుగో వరస, ఐదో వరస అని అరుస్తూనే ఉంది. ఖాళీ, ఖాళీ అని ఆ పిల్ల అంటుంటే నా కడుపు నిండిపోయింది.

అతన్ని ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టాను. ఈసారి తలెత్తి తిన్నాడు. గిన్నె వంచి చూపించి, "అయిపోయింది నాయనా, సరిపోయిందా?" అన్నాను. "సరిపోయిందమ్మా" అన్నాడు.

కమిటీ కాగితం సంగతి నువ్వూ నేనూ కలిసి వెళ్లి చూద్దాం. అతనూ వస్తానన్నాడు.

ఇంకేం రాయాలి? చిన్నది రేపు వచ్చేటప్పుడు బియ్యం తెమ్మను. అయిపోయాయి. అయిపోయాయి అనే రాశాను, సరిగ్గా చదువు.

అక్క